మొదటి పవర్‌లిఫ్టింగ్ పోటీకి పది వారాలు: దేని మీద దృష్టి పెట్టాలి, ఎంతతో మొదలుపెట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏడాదిన్నరగా సాధన చేస్తున్నారు. స్క్వాట్ (బార్ వీపు మీద మోస్తూ గుంజీలా దిగి లేవడం) 140 కిలోలు, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను లేపి నిటారుగా నిలబడటం) 170, బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని బార్‌ను ఛాతీ దాకా దించి పైకి నెట్టడం) 90 (ఛాతీకి తగిలీ తగలగానే లేపేస్తూ). ఒంటి బరువు 76.5. పోటీ పది వారాల్లో ఉంది. 74 కిలోల కేటగిరీకి దిగాలా, ఎంత బరువుతో మొదలుపెట్టాలి, ఏం కొనాలి?

బరువు సంగతి ముందు తేల్చేస్తాను. దిగొద్దు, 83 కిలోల కేటగిరీలోనే ఆడండి. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య ఐపీఎఫ్ నియమాల ప్రకారం బరువు తూచడం ఆట మొదలయ్యే రెండు గంటల ముందు మొదలై గంటన్నర పాటు సాగుతుంది. అంటే తూకం దిగాక తిని, తాగి, ఒళ్లు వేడెక్కించుకోవడానికి మీకు మిగిలేది ఎక్కువలో ఎక్కువ రెండు గంటలు. నీళ్లు మానేసి, చెమట కక్కించి దించిన రెండున్నర కిలోలు ఆ వ్యవధిలో పూర్తిగా తిరిగి రావు. ముందుగా దెబ్బతినేది స్క్వాట్, అదే మొదటి అంశం. పది వారాలు నిదానంగా తిండి తగ్గించి 74కి రావచ్చు కదా అంటారేమో. రావచ్చు. కానీ బలం పెరగాల్సిన వారాలన్నీ అర్ధాకలితో గడుస్తాయి. మొదటి పోటీలో పతకం కోసం కేటగిరీ మారాల్సిన అవసరం నూటికి తొంభై మందికి ఉండదు.

ఇక అసలు విషయం. జిమ్‌లో ఎత్తిన బరువు, పోటీలో లెక్కకొచ్చే బరువు ఒకటి కావు. ఒక్కో లిఫ్ట్‌కు మూడు అవకాశాలు (అటెంప్ట్‌లు) ఉంటాయి. మూడు లిఫ్ట్‌లలో ఒక్కోదానిలో మీకు చెల్లిన అతి పెద్ద బరువును కలిపితే వచ్చేది టోటల్. ఏ ఒక్క లిఫ్ట్‌లోనైనా మూడు అటెంప్ట్‌లూ పోతే టోటలే ఉండదు, మిగతా రెండింటిలో ఎంత ఎత్తినా ర్యాంకు రాదు. తీర్పు చెప్పేది ముగ్గురు రిఫరీలు. కనీసం ఇద్దరు తెల్ల లైటు వేస్తేనే లిఫ్ట్ చెల్లుతుంది. కొత్తవాళ్లకు ఎర్ర లైట్లు పడేది చాలాసార్లు బలం చాలకపోవడం వల్ల కాదు. కమాండ్ (రిఫరీ ఇచ్చే ఆదేశం) వినకపోవడం వల్ల, స్క్వాట్‌లో లోతు చాలకపోవడం వల్ల, పిరుదులు బెంచీ మీద నుంచి లేవడం వల్ల. కాబట్టి ఈ పది వారాల్లో మీ మొదటి పని నియమాల ప్రకారం ఎత్తడం అలవాటు చేసుకోవడం. బలం పెంచడం దాని తర్వాతే.

స్క్వాట్ నుంచి మొదలుపెడదాం. బార్‌ను ర్యాక్ (బార్ నిలిపే స్టాండు) మీద నుంచి తీసి, వెనక్కి అడుగులేసి, మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడాలి. అప్పుడే మధ్య రిఫరీ చెయ్యి కిందికి దించుతూ 'స్క్వాట్' అంటాడు. మోకాళ్లు కాస్త వంగి ఉన్నా, బార్ ఇంకా ఊగుతున్నా ఆ మాట రాదు. మీరు అక్కడే బరువు మోస్తూ అలిసిపోతుంటారు. అందుకే వెనక్కి వేసే అడుగులు రెండు మూడుకు మించకుండా సాధన చేయండి. దిగేటప్పుడు తుంటి కీలు దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి రావాలి. 'సమానంగా' వస్తే చాలదు, కిందికే రావాలి. లేచి నిటారుగా నిలబడి, మోకాళ్లు బిగించి, 'ర్యాక్' అనే మాట విన్నాకే ముందుకు కదలాలి. లోతు తెలుసుకోవాలంటే ఫోన్‌ను సరిగ్గా పక్క నుంచి, దాదాపు మోకాలి ఎత్తులో పెట్టి వీడియో తీయండి. ముందు నుంచో ఏటవాలుగానో తీసిన వీడియో లోతు విషయంలో మోసం చేస్తుంది. బరువు పెరిగేకొద్దీ లోతు తగ్గుతుంది, ఇది దాదాపు అందరికీ ఉండే జబ్బే. అందుకే వంద కిలోల దగ్గరి వీడియో చూసి మురిసిపోకుండా 125 దాటిన వాటిని చూడండి. ఆ బరువుల దగ్గర లోతు అటూ ఇటూగా ఉంటే మీ స్క్వాట్ 140 కాదు, లోతు వచ్చినంత వరకే.

బెంచ్ దగ్గర కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. ఇక్కడ కమాండ్‌లు మూడు. చేతులు చాచి బార్ నిలకడగా పట్టుకున్నాక 'స్టార్ట్', ఛాతీ మీద బార్ పూర్తిగా కదలకుండా ఆగాక 'ప్రెస్', పైన మోచేతులు బిగించాక 'ర్యాక్'. ఛాతీ మీద ఎంతసేపు ఆపాలన్నది మీ చేతిలో లేదు. కొందరు రిఫరీలు చప్పున అంటారు, కొందరు ఆలస్యం చేస్తారు. బార్ మీ ఛాతీ మీద ఎంత త్వరగా నిశ్చలమైతే మాట అంత త్వరగా వస్తుంది. గబగబా దించి ఛాతీలోకి కుదేసుకునే వాళ్లు నిశ్చలమయ్యేదాకా ఎక్కువసేపు మోయాల్సి వస్తుంది. నిదానంగా దించండి. తల, భుజాలు, పిరుదులు బెంచీకి ఆని ఉండాలి, పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. కాళ్లు పొట్టిగా ఉన్నవాళ్లకు 30 సెంటీమీటర్ల ఎత్తు మించని దిమ్మలు అనుమతిస్తారు. పట్టు వెడల్పు చూపుడువేళ్ల మధ్య 81 సెంటీమీటర్లు దాటకూడదు. బార్ మీద ఆ గుర్తులుంటాయి, చూపుడువేలు గుర్తు మీదికి రావచ్చు కానీ దాన్ని దాటి బయటికి పోకూడదు. 2023 నుంచి ఇంకో షరతు కూడా ఉంది: బార్ ఛాతీకి తాకినప్పుడు మోచేతి అడుగుభాగం భుజం కీలు పైభాగానికి సమానంగానో, అంతకన్నా కిందికో రావాలి. నడుము బాగా వంచి, చేతులు చాలా వెడల్పుగా పెట్టే వాళ్లకే దీనితో పేచీ. మీరు మామూలు పట్టుతో ఎత్తేట్టయితే దీని గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

మీ 90 కిలోలు ఆపకుండా ఎత్తినవి కనుక, ఆపి ఎత్తితే 82.5 నుంచి 87.5 మధ్య ఎక్కడో తేలుతుంది. ఈ వారం నుంచే ప్రతి బెంచ్ సెట్‌లో కనీసం మొదటి రెప్ (ఒకసారి దించి ఎత్తడం) ఆపి ఎత్తండి. చివరి ఆరు వారాలు అన్ని రెప్స్ ఆపే ఎత్తండి. పక్కన ఎవరైనా ఉంటే కమాండ్‌లు చెప్పమనండి. రిఫరీ ఎప్పుడంటాడో ముందే తెలియకూడదు కాబట్టి ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా అనమనండి. మనసులో తనకు తానే 'ప్రెస్' అనుకుని లేపే అలవాటు ఉంటే వేదిక మీద సగం సెకను ముందే చేతులు కదులుతాయి. మూడు ఎర్ర లైట్లు పడతాయి.

డెడ్‌లిఫ్ట్‌లో కమాండ్ ఒక్కటే: 'డౌన్'. మీరు సిద్ధంగా ఉన్నప్పుడు మొదలుపెట్టవచ్చు, ఎవరూ చెప్పరు. మోకాళ్లు బిగించి, భుజాలు వెనక్కి పెట్టి నిలబడి, ఆ మాట వచ్చేదాకా ఆగండి. దించేటప్పుడు రెండు చేతులతో పట్టుకునే దించాలి, వదిలేస్తే లిఫ్ట్ పోతుంది. తొడల మీద బార్‌ను ఆనించి మెల్లగా పైకి జరపడం, పైకి వెళ్తున్న బార్ మధ్యలో కిందికి జారడం కూడా తప్పులే. స్ట్రాప్‌లు (చేతిని బార్‌కు కట్టే పట్టీలు) వాడనివ్వరు. ఇన్నాళ్లూ స్ట్రాప్‌లతో ఎత్తుతూ వచ్చినట్టయితే మీ 170 నిజానికి ఎంత అన్నది మీ చేతి పట్టే తేల్చాలి. పది వారాల పాటు భారీ సెట్లన్నీ సుద్ద పొడితో, ఒట్టి చేతులతోనే ఎత్తండి. ఒక చెయ్యి లోపలికి, ఒకటి బయటికి తిప్పి పట్టుకునే మిశ్రమ పట్టు చాలామందికి సరిపోతుంది. హుక్ పట్టు (బొటనవేలిని మిగతా వేళ్ల కింద బిగించేది) బలమైనదే గానీ బొటనవేళ్లు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. నేర్చుకోవాలంటే ఇవాళే మొదలుపెట్టాలి, చివరి నెలలో కాదు.

సాధన పథకం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే పనిచేసే పథకాలు చాలానే ఉన్నాయి. స్థూలంగా మొదటి నాలుగు వారాలు మీ గరిష్ఠంలో 70 నుంచి 80 శాతంతో నాలుగు నుంచి ఆరు రెప్స్, ఆ తర్వాతి మూడు వారాలు 80 నుంచి 87 శాతంతో రెండు నుంచి నాలుగు రెప్స్, ఆపై బరువైన సింగిల్స్ (ఒక్క రెప్ సెట్లు). చివరి భారీ సింగిల్ ఎప్పుడన్నదే ముఖ్యం. డెడ్‌లిఫ్ట్ అలసట ఎక్కువ రోజులు నిలుస్తుంది కనుక పోటీకి 10 నుంచి 14 రోజుల ముందు 160 దగ్గర ఆపేయండి. స్క్వాట్‌ది 8 నుంచి 10 రోజుల ముందు, 130 చుట్టూ. బెంచ్ అలసట త్వరగా తీరుతుంది కనుక 5 నుంచి 7 రోజుల ముందు, ఆపి ఎత్తిన 80. పోటీ ఆదివారమైతే ఆ వారం సోమవారం స్క్వాట్ 100తో రెండేసి రెప్స్ రెండు సెట్లు, బెంచ్ 70తో రెండేసి రెప్స్ మూడు సెట్లు. బుధవారం స్క్వాట్ 85, బెంచ్ 65, డెడ్‌లిఫ్ట్ 100, అన్నీ తేలిగ్గా ఒకటి రెండు రెప్స్. అంతే, ఇక ఆదివారం దాకా బార్ ముట్టొద్దు. చివరి వారంలో 'ఒక్కసారి ఎంత లేస్తుందో చూద్దాం' అనే కోరిక అందరికీ కలుగుతుంది. ఆ వారంలో బలం పెరగదు, అలసట మాత్రం పెరుగుతుంది.

ఇప్పుడు అటెంప్ట్‌లు. ఓపెనర్ అంటే మొదటి అటెంప్ట్. నిద్ర పట్టని రాత్రి తర్వాత, చేతులు వణుకుతున్నా ఎత్తగలిగే బరువు అది. కొలత ఏమిటంటే, ఏ మామూలు రోజైనా మూడు రెప్స్ కొట్టగలగాలి. గరిష్ఠంలో ఇది సుమారు 90 శాతం. రెండోది 95 నుంచి 97, మూడోది అప్పటిదాకా బార్ ఎలా కదిలిందో చూసి. మీ లెక్కన స్క్వాట్ 127.5, 135, 140. బెంచ్ 77.5, 82.5, 85. డెడ్‌లిఫ్ట్ 155, 165, 172.5. ఓపెనర్లు మూడే చెల్లినా టోటల్ 360 వస్తుంది. అన్నీ చెల్లితే 397.5. 'ఓపెనర్ మరీ తేలిక, పరువు పోతుంది' అనిపిస్తే ఇలా ఆలోచించండి: 135తో మొదలుపెట్టి లోతు చాలక పోతే మళ్లీ అదే 135 ఎత్తాలి, లేదా ఇంకా ఎక్కువ. ఓడిన బరువు కంటే తగ్గించుకునే వీల్లేదు. ఓపెనర్ ఎక్కువ పెట్టుకున్న వాళ్లు ఉత్త చేతులతో ఇంటికెళ్లేది ఈ నియమం వల్లే.

అటెంప్ట్ పోయినప్పుడు ఎందుకు పోయిందో రిఫరీలను చూసి తెలుసుకోండి, వాళ్లు కారణం రంగు కార్డుతో చూపిస్తారు. స్క్వాట్‌లో ఎర్ర కార్డు అంటే లోతు చాల్లేదని. కమాండ్ తప్పడం వల్లో లోతు వల్లో పోతే అదే బరువు మళ్లీ ఎత్తండి. బలం చాలక మధ్యలో ఆగిపోయినా అదే బరువు. 'ఈసారి కసితో లేపుతా' అని పెంచితే అది దాదాపు ఎప్పుడూ లేవదు.

తర్వాతి బరువు చెప్పడానికి లిఫ్ట్ అయిన క్షణం నుంచి ఒక నిమిషమే ఉంటుంది. చెప్పకపోతే, చెల్లిన లిఫ్ట్‌కు 2.5 కిలోలు దానంతట అదే పెరుగుతుంది, పోయిన లిఫ్ట్‌కు అదే బరువు మళ్లీ పడుతుంది. బరువులన్నీ 2.5 గుణిజాల్లోనే ఉండాలి. ఓపెనర్‌ను ఆ లిఫ్ట్ మొదటి రౌండుకు మూడు నిమిషాల ముందు వరకు ఒక్కసారి మార్చుకోవచ్చు. స్క్వాట్, బెంచ్‌లలో రెండు మూడు అటెంప్ట్‌లు ఒకసారి చెప్పాక మారవు. డెడ్‌లిఫ్ట్ మూడో అటెంప్ట్‌ను మాత్రం రెండుసార్లు మార్చుకోవచ్చు, మిమ్మల్ని పిలవకముందే. పతకాల వ్యూహాలన్నీ అక్కడే నడుస్తాయి. ఇవన్నీ చూసుకోవడానికి వెంట ఒక మనిషి ఉండాలి. కోచే కానక్కర్లేదు. వరుసలో మీ ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టగలిగి, కాగితం మీద రాసిన బరువు నిర్వాహకుల టేబుల్ దగ్గర చెప్పగలిగితే చాలు.

వార్మప్‌లో సమయం లెక్కించడం తెలియకే చాలామంది తికమకపడతారు. ఒక ఫ్లైట్‌లో (కలిసి వంతులవారీగా ఎత్తే గుంపు) పన్నెండు మంది ఉంటే, ఒక్కొక్కరికి సుమారు నిమిషం చొప్పున ఒక రౌండు పన్నెండు నిమిషాలు. తక్కువ ఓపెనర్ ఉన్నవాళ్లు ముందు ఎత్తుతారు, కనుక జాబితాలో మీ స్థానం ముందే తెలుస్తుంది. చివరి వార్మప్ మీ పిలుపుకు ఆరేడు నిమిషాల ముందు పూర్తవాలి. 127.5 ఓపెనర్‌కు ఒట్టి బార్‌తో ఎనిమిది, 60తో ఐదు, 80తో మూడు, 100తో రెండు, 110 ఒకటి, 117.5 ఒకటి. ఒక్కోదానికి మధ్య నాలుగు నిమిషాలు అనుకుంటే దాదాపు అరగంట ముందు మొదలవ్వాలి. ఒకే ర్యాక్ మీద ఐదారుగురు ఉంటారు కాబట్టి ఇంకో పది నిమిషాలు కలుపుకోండి. వార్మప్ గదిలో పక్కవాడు పెద్ద బరువు ఎత్తుతున్నాడని మీరూ పెంచొద్దు.

వేదిక మీద బార్ 20 కిలోలు, ప్లేట్లు జారకుండా బిగించే రెండు కాలర్లు కలిపి 5, అంటే ప్లేట్లు లేకుండానే 25. మీ 127.5కి ఒక్కో పక్క రెండు 25 కిలోల ఎర్ర ప్లేట్లు, ఒక 1.25 పడతాయి. లోడర్లు (ప్లేట్లు ఎక్కించేవాళ్లు) అరుదుగా పొరబడతారు గానీ, బార్ వైపు నడుస్తూ ఒక్క చూపు చూసుకోండి. 'బార్ సిద్ధం' అన్నాక లిఫ్ట్ మొదలుపెట్టడానికి నిమిషం ఉంటుంది. మీకు ముందు ఇద్దరుండగానే బెల్టు, మణికట్టు పట్టీలు బిగించుకుంటే ఆ నిమిషం బోలెడు.

ర్యాక్ ఎత్తులు తూకం దగ్గరే అడుగుతారు. అందుకని ముందే వెళ్లి, పోటీలో వేసుకునే బూట్లతోనే వేదిక ర్యాక్ మీద కొలుచుకోండి. స్క్వాట్‌కు బార్ తీయడానికి నాలుగైదు సెంటీమీటర్లు లేస్తే చాలు. ఎక్కువ ఎత్తు పెట్టుకుంటే తిరిగి పెట్టేటప్పుడు మునివేళ్ల మీద నిలబడాల్సి వస్తుంది. బెంచ్‌కు భుజాల పట్టు సడలకుండా బార్ బయటికి వచ్చే ఎత్తు. సేఫ్టీ బార్‌లు (బరువు మీద పడకుండా ఆపేవి) నడుము వంచి పడుకున్నప్పుడు ఛాతీ కంటే కిందికి, నడుము వదిలేస్తే ముఖం కంటే పైకి ఉండాలి. బార్ అందించమని లోడర్‌ను కోరవచ్చు. మీకు అలవాటు లేకపోతే కోరకండి.

సామాను విషయంలో ఖర్చు తగ్గించుకోవచ్చు. తప్పనిసరి: ఒంటిపొర సింగ్లెట్ (ఒంటికి అతుక్కునే ఒకే ముక్క దుస్తు), జేబుల్లేని గుండ్రటి మెడ టీషర్టు, మామూలు కట్ డ్రాయర్ (తొడలకు దిగే బాక్సర్ కుదరదు), డెడ్‌లిఫ్ట్‌కు పిక్కలు కప్పే పొడవాటి సాక్సులు. అవి మోకాలికి తగలకూడదు. బెల్టు 10 సెంటీమీటర్ల వెడల్పు, 13 మిల్లీమీటర్ల మందం లోపు. మోకాలి స్లీవ్‌లు 7 మిల్లీమీటర్ల లోపు. మణికట్టు పట్టీలు మీటరు పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు లోపు. కొన్ని పోటీల్లో ఆమోదిత బ్రాండ్ల జాబితా ఉంటుంది, కొనేముందు ఆ పోటీ నియమావళి చదవండి. సింగ్లెట్, టీషర్టు వేసుకుని కనీసం రెండుసార్లు భారీ సాధన చేయండి. టీషర్టు వీపు మీద బార్ జారుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. లీవర్ బెల్టు (మీటతో బిగించేది) వాడేవాళ్లు స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకోవాలి. పొద్దున తిన్నాక పొట్ట కొలత మారుతుంది, డెడ్‌లిఫ్ట్‌కు కొందరు బెల్టు వదులు చేసుకుంటారు.

తిండి గురించి రెండే మాటలు. రోజూ తినేవే తినండి. తూకం అయ్యాక తేలిగ్గా అరిగే పిండి పదార్థం, కొంచెం ఉప్పు, నీళ్లు. మొదటి స్క్వాట్‌కూ చివరి డెడ్‌లిఫ్ట్‌కూ మధ్య నాలుగైదు గంటలు పట్టొచ్చు, కాబట్టి కాఫీ అలవాటున్న వాళ్లు మొత్తం స్క్వాట్‌కు ముందే తాగేస్తే డెడ్‌లిఫ్ట్ నాటికి నీరసపడతారు. సగం దాచుకోండి. డోపింగ్ పరీక్షలుండే పోటీ అయితే వర్కౌట్‌కు ముందు తాగే పొడులు, జలుబు మందులు కూడా నిషిద్ధ జాబితాలో చూసుకోవాలి. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ రోజు మూత్రంలో ఒక హద్దు దాటితే నిషిద్ధమే.

చివరగా డెడ్‌లిఫ్ట్ మూడో అటెంప్ట్ గురించి. మీ పట్టికలో 172.5 రాసుకున్నారు కదా. రెండోది 165 మోకాళ్ల దగ్గర ఆగి ఆగి పైకొస్తే 167.5కే సరిపెట్టండి. గాలిలో తేలినట్టు వస్తే 175 అడగండి. ఈ నిర్ణయం మీ అలసిన బుర్రకు వదలకండి. పక్కన నిలబడి చూసిన మనిషి చెప్పిందే టేబుల్ దగ్గర ఇవ్వమనండి.